విజిల్ అయినంక దండాలు

కామారెడ్డి బస్టాండులో బస్సులు ఆగే చోట ఈ మధ్య తెల్లరంగుతో గీతలు కొట్టారు. మొన్న పొద్దున ఎల్లారెడ్డి బస్సు కోసం ఉరుకుతున్న నేను ఆ గీత దగ్గరికి రాగానే టక్కున ఆగిపోయాను. చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, పిల్లకాలువ దాటినట్టు కాలెత్తి దాన్ని దాటాను. వెనకున్నాయన "ఏమైందమ్మా, కిందేమన్న ఉన్నదా?" అని వంగి చూశాడు. ఏమీ లేదన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక నాకే నవ్వొచ్చింది. ఈ రోగం నాకు అంటించిన మనిషి పోయి ఇంకా ఏడాది కూడా కాలేదు.

ఆయన్ని ఎల్లారెడ్డిలో చిన్నాపెద్దా అందరూ చాచా అనేవారు. అసలు పేరు నేను ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మా వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు మేస్త్రీ పనో డ్రైవరు పనో చేసి వస్తారు. చాచా మాత్రం ఒక పెద్ద ఫుట్‌బాల్ స్టేడియంలో గడ్డి కోసి, తెల్లగీతలు కొట్టి వచ్చాడు. గీత కనబడితే తొక్కేవాడు కాదు. తను కొట్టినదనే కాదు, రోడ్డు మీదిదైనా, బ్యాంకులో వరస కోసం వేసినదైనా కాలెత్తి దాటాల్సిందే. ఆయన వెనక నిలబడ్డవాళ్లకు చిరాకొచ్చేది. ఆయనకు అదేం పట్టేది కాదు.

నేను ఎల్లారెడ్డిలో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్తాను. రోజూ కామారెడ్డి నుంచి వచ్చిపోతాను. మా బడికి ఆటల సారు లేడు. ఆటల సంగతి ఎవరైనా చూసుకోవాలని హెడ్‌మాస్టరు అన్నప్పుడు తెలివైనవాళ్లంతా కిందకు చూశారు, నేను పైన తిరగని ఫ్యాను వైపు చూస్తూ దొరికిపోయాను. ఎండంటే నాకు పడదు. ఫుట్‌బాల్‌కూ వాలీబాల్‌కూ తేడా బంతి సైజులో ఉంటుందనుకునే మనిషిని. అలాంటి నేను ఒక సాయంత్రం గొడుగు పట్టుకుని గ్రౌండులోకి అడుగుపెట్టాను.

"మేడం! ఆగుండ్రి! గా కాలు ఆడనే ఉంచుండ్రి!"

పాము అనుకుని బిగుసుకుపోయాను. అటు చివర నుంచి ఒక బక్కపలచని ముసలాయన, నెత్తిన టోపీతో, చేతిలో సున్నపు బొచ్చెతో పరుగున వచ్చాడు. నా ముందు కూర్చుని, నా చెప్పు పడి చెరిగిన గీతను అరచేత్తో సాఫు చేసి, దాని మీద మళ్లీ పిడికెడు సున్నం జారవిడిచాడు. "ఇగ తియ్యుండ్రి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ముగ్గు మీద ఇంత ప్రేమేమిటని అడిగాను.

"ముగ్గు కాదు మేడం. గిది దాటినంక బాల్ మనది కాదు. అందుకే ఇజ్జత్ ఇయ్యాలె."

మా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే చాచా ఆయనే. ఆ తర్వాత చాలాకాలం మా ఇద్దరికీ పొసగలేదు. నా గొడుగు గోల్‌పోస్టు దగ్గరికి రావద్దనేవాడు. పిల్లలు చూపంతా దాని మీదే పెడుతున్నారట. నేను పరీక్షలని పిల్లల్ని ఆపితే, ఆయన గేటు బయట నిలబడి లోపలికి వినబడేలా విజిల్ ఊదేవాడు. టీ సాసర్లో పోసుకుని నిలబడే తాగేవాడు. కూర్చుని తాగితే ఆట మధ్యలో లేవడానికి ఆలస్యమవుతుందట. ఆయన నోట మెప్పు రావడం గగనం. ఒక పిల్ల ప్రాణం పెట్టి ఆడితే "చల్తా" అనేవాడు, అంటే పర్లేదు అని. ఆ ఒక్క మాట కోసం పిల్లలు మోకాళ్లు పగలగొట్టుకునేవాళ్లు.

గొప్పలు కూడా తక్కువేం కాదు. గల్ఫ్‌లో ఒక పేరుమోసిన కోచ్ తనను గడ్డి గురించి అడిగాడని మొదటిసారి చెప్పాడు. రెండోసారి చెప్పినప్పుడు ఆ కోచ్ భుజం తట్టాడు. ఇంకో ఏడాదికి ఇద్దరూ కలిసి టీ తాగారు. చాచా ఇంకొన్నాళ్లు బతికి ఉంటే ఆ కోచ్ తన ఉద్యోగం ఆయనకే అప్పగించి పోయేవాడే.

కానీ ఒక్క కథ మాత్రం ఎప్పుడు చెప్పినా ఒక్కతీరే చెప్పేవాడు. ఆ స్టేడియంలో ఒకసారి ఆసియా దేశాల కుర్రాళ్ల పోటీలు జరిగాయి, పదిహేడేళ్ల లోపు వాళ్లవి. నీలం చొక్కాల్లో మన దేశం జట్టు వచ్చింది. మన జాతీయగీతం మొదలయ్యేసరికి చాచా గోల్‌పోస్టు వెనక రంగు డబ్బా పట్టుకుని ఉన్నాడు. డబ్బా కింద పెట్టి నిలబడ్డాడు. మ్యాచ్‌లో మనవాళ్లు ఓడిపోయారు. ఏడుస్తూ బయటికి వస్తున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ ఆపి, "ఏ ఊరు బేటా?" అని అడిగాడట. మణిపూర్ అన్నారు, గోవా అన్నారు, బెంగాల్ అన్నారు, కేరళ అన్నారు.

"మన దిక్కోళ్లు ఒక్కలు లేరు మేడం. గా దినమే అనుకున్న. ఇంటికి పోయినంక ఒక్క పోరగాన్నన్న గా నీలం అంగీల నిలవెట్టాలె. అప్పటిదాక సావద్దని."

ఊరికి వచ్చి చూస్తే మగపిల్లలంతా బ్యాట్లు పట్టుకుని క్రికెట్‌కు పోయారు. ఖాళీగా ఉన్నది ఆడపిల్లలే. వాళ్లకు బంతి ఇచ్చాడు. పోరగాడు పోయి పొల్ల అయింది కానీ ఆయన పట్టు మాత్రం మారలేదు.

ఆ పిల్లల్లో మమత ఒకతి. పొడుగ్గా, కర్రలా ఉండేది. అమ్మానాన్నలు పట్నంలో పనికి పోతే అవ్వ దగ్గర పెరిగింది. గోల్ ముందు కాపు కాసే డిఫెండర్. ఎదుటివాళ్ల కాళ్ల మధ్య నుంచి బంతి లాగేయడంలో దాన్ని మించినవాళ్లు లేరు. చాచా కళ్లన్నీ దాని మీదే. ఆ మాట దానితో అనలేదు కానీ, నాతో అన్నాడు. "గీ పొల్ల పోతది మేడం. నీలం అంగీ దాక పోతది."

తీరా కామారెడ్డిలో జిల్లా పోటీకి తీసుకుపోతే అక్కడ మా అసలు రోగం బయటపడింది. మమత వేగంగా వెళ్లి ఎదుటి పిల్ల దగ్గర బంతి అందుకుంది. ఆ ఊపులో కాలు ఆ పిల్ల పిక్కకు తగిలింది. అంతే, మమత ఆగింది. బంతి వదిలేసి, ఆ పిల్ల భుజాన్ని తాకి, చెయ్యి కళ్లకద్దుకుంది. కాలు తగిలితే చిన్నప్పటి నుంచి మనమందరం చేసేదే. ఆలోచించకుండానే చెయ్యి దానంతట అదే పోతుంది. కామారెడ్డి పిల్లలకూ ఆ అలవాటు ఉండే ఉంటుంది, కానీ వాళ్లకు ఎవరో ముందే మాన్పించారు. మమత చెయ్యి కళ్ల దగ్గరికి చేరేలోపు బంతి మా గోల్‌లోకి చేరింది.

ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అదే జరిగింది. మమతను చూసి మిగతా పిల్లలూ మొదలుపెట్టారు. గట్టు మీద కూర్చున్న జనం పొట్ట పట్టుకుని నవ్వారు. నేను గొడుగు వెనక మొహం దాచుకున్నాను. చాచా మాత్రం గీత బయట నిలబడి, టోపీ తీసి చేతిలో నలుపుతూ, చివరిదాకా చూశాడు. పై ఎంపికకు పిల్లల్ని ఏరుకోవడానికి వచ్చిన పెద్దమనిషి మమత పేరు అడగనైనా అడగలేదు.

తిరుగు బస్సెక్కాం. సగం దారిలో చాచా వెనక్కి తిరిగి అన్నాడు.

"బిడ్డా, మనం మ్యాచ్‌కు పోయినమా, సుట్టపు సూపుకు పోయినమా?"

పిల్లలు నవ్వలేదు. మమత ఏడ్చింది.

"దండం తప్పని నేనంటలేను. కాని దానికో టైముంటది. ఇయ్యాల్టి సంది మన టీముకు ఒక్కటే మాట. పహలే బాల్, బాద్‌మే మాఫీ. ముందుగాల బాల్, తర్వాత దండం. యాదుంచుకోండ్రి."

"మా అవ్వ తిడ్తది చాచా" అంది మమత.

"అవ్వతోని నేను మాట్లాడుత" అన్నాడు. కానీ వెంటనే పోయి మాట్లాడే ధైర్యం ఆయనకూ లేకపోయింది. ఎల్లారెడ్డిలో ఆ అవ్వ నోటికి భయపడనివాళ్లు తక్కువ.

యాసంగి కోతలు మొదలయ్యాక మా గ్రౌండ్ మాది కాకుండా పోతుంది. రైతులు వడ్లు తెచ్చి గ్రౌండంతా ఆరబోస్తారు. కొనేదాకా కుప్పలు అక్కడే. వద్దనడానికి మనమెవరం? చాచా వద్దనలేదు. కుప్పల మధ్య మిగిలిన సందుల్లోనే సున్నంతో గీతలు కొట్టి, పిల్లల్ని అందులోనే ఆడించాడు. బంతి వడ్లలో పడితే, పడేసిన పిల్ల వెళ్లి చెదిరిన గింజలన్నీ ఏరి కుప్పలో కలిపి రావాలి. రెండు వారాలు గింజలు ఏరాక మమత కాలి నుంచి బంతి పక్కకు పోవడం మానేసింది. నేను ఆ సందుల్లో ఒంటరిగా నడవాలన్నా భయపడేదాన్ని, అది బంతితో పరుగెత్తేది.

ఆ వడ్లు తిరగేసే కూలీల్లో మమత అవ్వ కూడా ఉండేది. వడ్లు సమంగా ఎండాలంటే పొద్దంతా వాటిలో కాళ్లు ఈడుస్తూ నడవాలి. ఒకరోజు అవ్వ ఆ పనిలో ఉండగా, పక్క సందులో మమత బంతి లాగబోయి ఇంకో పిల్లను పడగొట్టింది. వెనక్కి చూడకుండా బంతితో పోయింది. చాచా "చల్తా!" అని గట్టిగా అరిచాడు. అంత గట్టిగా ఆయన ఎప్పుడూ అనలేదు, అదే మొదటిసారి.

అవ్వ వడ్లలోంచి బయటికి వచ్చింది.

"ఏమయ్యా, నా పిల్లకు గిదేనా నువ్వు నేర్పేది? గా పొల్లను కాలుతోని తన్ని, మల్లి సూడకుంట పోతున్నది. మా ఇంట్ల పసిపిల్లలు గూడ కాలు తాకితె దండం పెడ్తరు. గీ ఆట మాకద్దు. ఇయ్యాల్టి సంది బంద్."

మమత బంతి వదిలేసి నిలబడిపోయింది. నేను గొడుగు ముడిచాను. మళ్లీ ఎంపికలు దగ్గర్లో ఉన్నాయి. ఈసారి తప్పితే మమతకు వయసు దాటిపోతుంది, ఇక ఆ నీలం చొక్కా మాటే ఉండదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, అవ్వకు తప్ప. చాచా చేతిలో సున్నపు బొచ్చె అలాగే ఉంది. దాన్ని కింద పెట్టి, అవ్వ దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, ఒక్క మాట అడుగుత. పొద్దుగాల వడ్లల్ల కాలు వెట్టెముందు ఏం జేసినవ్?"

"ఏం జేస్త? దండం పెట్టిన. లచ్చిమి గద."

"అటెనుక?"

"అటెనుక ఏంది? పని జేస్తున్న."

"పొద్దంత గా లచ్చిమినే తొక్కుకుంట తిరుగుతున్నవ్. అడుగడుగుకు వంగి దండం పెడ్తున్నవా?"

"అడుగడుగుకు వంగితె వడ్లెట్ల ఎండుతయ్?" అనేసింది అవ్వ. అని ఆగిపోయింది.

చాచా నవ్వలేదు. నవ్వి ఉంటే అంతా చెడిపోయేది.

"నా పిల్లల పని గూడ గంతే అవ్వా. నువ్వు పనికి ముందు పెడ్తవ్, గీళ్లు పని అయినంక పెడ్తరు. ఆఖరి విజిల్ కొట్టినంక ఎవ్వలెవ్వలకు కాలు తాకిందో వాళ్ల కాడికి పోయి, దండం పెట్టి, అప్పుడే గీత దాటుతరు."

"మర్చిపోతె?"

"మర్చిపోదు. ఒక్కటి గూడ ఎగ్గొట్టది. నాది జిమ్మేదారి."

అవ్వ ఆయన్ని కిందికీ పైకీ చూసింది. "మాట తప్పినవో, ఏడాదంత నీ గ్రౌండ్ల వడ్లే పోపిస్త" అని, తిరిగి వడ్లలోకి పోయింది. పోయేముందు వంగి ఒకసారి గింజల్ని తాకి కళ్లకద్దుకుంది. పొద్దున పెట్టిన దండం చాలదనుకుందో, మనవరాలికి చూపించాలనుకుందో నాకు తెలీదు.

ఆ రోజు నుంచి మా పిల్లల ఆట చూడడానికి జనం విజిల్ అయ్యాక కూడా ఆగేవాళ్లు. ఆట ఉన్నంతసేపూ మమత రాక్షసి. విజిల్ పడగానే, గెలిచినా ఓడినా, తను ఢీకొన్న పిల్లలందరి దగ్గరికీ పోయి, భుజం తాకి, కళ్లకద్దుకునేది. తెలియని పిల్లలు బెదిరిపోయి వెనక్కి జరిగేవాళ్లు. చాచా గీత బయట నిలబడి, వేళ్లు ముడుస్తూ లెక్క చూసుకునేవాడు. ఒక్కరు మిగిలినా "అగో, గా ఏడో నంబరు పొల్ల!" అని కేకేసేవాడు. అవ్వకిచ్చిన మాట కదా.

కామారెడ్డిలో ఈసారి మమత పేరు అడిగారు. తర్వాత హైదరాబాదులోనూ అడిగారు. చివరికి దేశం జట్టు క్యాంపుకు పిలుపొచ్చింది. ఆసియా పదిహేడేళ్ల లోపు అమ్మాయిల పోటీలకు అందులోంచే జట్టును ఏరుతారు. బస్సెక్కేటప్పుడు మమత వంగి చాచా కాళ్లు తాకబోతే ఆయన వెనక్కి దూకాడు.

"గీడ కాదు. బాద్‌మే. పోయి ఆడుకొని రా, గప్పుడు సూస్కుందం."

వానాకాలంలో ఒక పొద్దున, గ్రౌండుకు పోవడానికి టోపీ పెట్టుకుంటూనే చాచా కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. నాకు కబురు తెలిసేసరికి కామారెడ్డి బస్టాండులో ఉన్నాను. అక్కడే, అంతమంది మధ్య, గట్టిగా ఏడ్చాను. ఆయనంటే నాకు అంత ఇష్టమని అప్పటిదాకా నాకే తెలియదు.

మధ్యాహ్నం మమత ఫోను చేసింది. ఎవరో చెప్పేశారు. చాలాసేపు ఏడుపే వినబడింది. తర్వాత అంది:

"మేడం, ఎల్లుండి టీము చెప్తరట. రేపు ఆఖరి మ్యాచ్ ఆడిపిస్తరట. ఇప్పుడొస్తె పోతది."

నేను రమ్మనలేదు, వద్దనలేదు. కాసేపటికి మమతే ముక్కు ఎగబీల్చి, గొంతు సర్దుకుంది.

"పహలే బాల్, మేడం. చాచాది దండం బాకి ఉన్నది, బాద్‌మే పెడ్త."

ఖబరస్తాన్ లోపలికి ఆడవాళ్లు పోరు కాబట్టి, మా పిల్లలంతా గోడ బయట రోడ్డు మీద బడి బట్టల్లో నిలబడ్డారు. వాన పడుతున్నా కదల్లేదు. నేను వాళ్ల మీద గొడుగు పట్టాలని చూశాను, ఎంతమందికి సరిపోతుంది? అక్కడి నుంచి తిన్నగా గ్రౌండుకు పోయి, ఆ తడిలోనే గీతలు కొట్టారు. కొట్టిన సున్నం కొట్టినట్టే కారిపోయింది. వాళ్లు మళ్లీ కొట్టారు.

మమత జట్టులోకి వచ్చింది.

మొదటి మ్యాచ్ రోజు సాయంత్రం బడిలో పెద్ద తెర ఉన్న గదిలో అందరం చేరాం. అవ్వను పిల్లలే వెళ్లి తీసుకొచ్చారు. బెంచీ మీద కూర్చోమంటే కూర్చోక, తెరకు దగ్గరగా నేల మీద చతికిలబడింది. జాతీయగీతం మొదలైంది. కెమెరా వరసగా ఒక్కొక్క మొహాన్నీ చూపిస్తూ వచ్చి మమత దగ్గర ఆగింది. నీలం చొక్కా దాని ఒంటికి కాస్త వదులైంది. మేమంతా నిలబడ్డాం. అవ్వ కూడా గోడ పట్టుకుని లేచింది. నాకు రంగు డబ్బా కింద పెట్టి నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు.

ఆటలో మమత ఎవరినీ వదల్లేదు. తనకంటే ఒక తల పొడుగున్న పిల్లల కాళ్ల మధ్య నుంచి, వడ్ల కుప్పల మధ్య నుంచి వచ్చినంత తేలిగ్గా బంతి లాగేసింది. రెండుసార్లు పడింది, నాలుగుసార్లు పడగొట్టింది, ఒక్కసారి కూడా ఆగలేదు. అయినా చివరి నిమిషాల్లో అవతలివాళ్లు గోల్ కొట్టారు. ఒక్క గోల్‌తో ఓడిపోయాం. మనవాళ్లంతా గడ్డి మీద కూలబడ్డారు. మా గదిలోనూ ఏడుపు మొదలైంది.

మమత కూలబడలేదు. మొహం తుడుచుకుంటూ నడిచింది. గెలిచి గంతులేస్తున్న పిల్లల్లో ఒకామె దగ్గరికి పోయి, భుజం తాకి, చెయ్యి కళ్లకద్దుకుంది. ఆ పిల్ల అర్థం కాక నవ్వింది. మమత ఇంకొకామె దగ్గరికి పోయింది. తర్వాత ఇంకొకామె. వ్యాఖ్యాత ఇదేదో అభినందించే పద్ధతి కాబోలన్నాడు.

"ఓడినంక గూడ గీ దండాలేంది?" అని మా గోల్‌కీపరు పిల్ల ఉక్రోషంగా అంది.

"నువ్వు నోర్ముయ్" అంది అవ్వ. ఆమె తెర మీంచి చూపు తిప్పకుండా వేళ్లు ముడుస్తోంది, అచ్చం చాచా ముడిచినట్టే.

అందరూ అయ్యాక మమత గ్రౌండు అంచుకు వచ్చింది. తెల్లగీత ముందు ఆగింది. దాటుతుందనుకున్నాను. దాటకుండా మోకాళ్ల మీద కూర్చుని, అరచెయ్యి గీతకు ఆనించి, చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత ఆ చేతిని రెండు కళ్లకూ అద్దుకుంది. లేచి, కాలెత్తి, గీతను తొక్కకుండా దాటి బయటికి పోయింది.

అవ్వ చివరి వేలు ముడిచి, పిడికిలి ఒళ్లో పెట్టుకుంది.

"మాట నిలవెట్టుకున్నడు ముసలోడు" అంది. "ఒక్కటి గూడ ఎగ్గొట్టలే."